బేస్ క్లెఫ్ నోట్స్ చూడగానే ఎడమ చెయ్యి సరైన కీ మీదికి వెళ్లాలంటే ఏం చేయాలి?

తమ్ముడూ, అన్నా అని పిలిచి అడిగావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీ ప్రశ్న ఇది: చిత్తూరులో చర్చి కాయిర్‌కి కీబోర్డ్ వాయిస్తావు. కుడి చేతి నోట్స్ (ట్రెబుల్ క్లెఫ్, అంటే పై ఐదు గీతలు) ఆగకుండా చదువుతావు. ఎడమ చేత్తో ఇన్నాళ్లూ కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి నొక్కేవి) పట్టుకుంటూ వచ్చావు. ఇప్పుడు కాయిర్ మాస్టర్ నాలుగు గొంతుల హిమ్ బుక్ (చర్చి పాటల పుస్తకం) ఇచ్చి కింది ఐదు గీతలు, అంటే ఎడమ చేతి స్వరాలు రాసే బేస్ క్లెఫ్ కూడా చదివి వాయించమన్నారు. ప్రతి నోట్‌కీ కింది గీత దగ్గర మొదలుపెట్టి జి, బి, డి అని లెక్కపెట్టుకునేసరికి పాట ఆగిపోతోంది. చిన్నప్పుడు సరళీ, జంట, దాటు స్వరాల దాకా నేర్చుకున్నానని కూడా రాశావు. కీల మీద స్టిక్కర్లు అంటించాలా, ట్రెబుల్‌లాగా చదివి రెండు అక్షరాలు జరుపుకోవాలా, ఉన్న 61 కీల కీబోర్డ్ సరిపోతుందా అనేవి మిగతా ప్రశ్నలు.

ముందుగా, వయసు మీద పడ్డాక నేర్చుకుంటున్నాను కాబట్టి రావడం లేదన్నావు. అది కారణం కాదు. కీబోర్డ్ నేర్పే పుస్తకాలు చాలావరకు మొదటి దశల్లో కుడి చేతికి ట్రెబుల్ క్లెఫ్‌లో ట్యూన్ రాసి, ఎడమ చేతికి సి, ఎఫ్, జి7 అని కార్డ్ పేర్లు మాత్రమే పైన వేస్తాయి. స్టైల్ ఆన్ చేసి మూడు వేళ్లు పెడితే డ్రమ్స్, బేస్, గిటార్ అన్నీ కీబోర్డే చూసుకుంటుంది. అలా ఎన్నేళ్లు వాయించినా బేస్ క్లెఫ్ కంట పడదు. మొదటి రోజు నుంచీ పియానో పుస్తకం పట్టుకున్న పిల్లలకి రెండు క్లెఫ్‌లూ కలిసే వస్తాయి. తిరుపతిలో నా దగ్గరికి కీబోర్డ్ నుంచి పియానో వైపు మారదామని వచ్చేవాళ్లు దాదాపు అందరూ నీలాగే కుడి చేత్తో గబగబా చదివి, ఎడమ చెయ్యి దగ్గర ఆగిపోతారు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, నువ్వు ఒక్క నోట్ కోసం నాలుగు పనులు చేస్తున్నావు. గీత లెక్కపెడుతున్నావు, పేరు తెచ్చుకుంటున్నావు, ఆ పేరున్న కీలు ఐదారు ఉంటే వాటిలో ఏదో తేల్చుకుంటున్నావు, అప్పుడు నొక్కుతున్నావు. ఈ నాలుగింటినీ ఎంత వేగంగా చేసినా పాటకి అందవు. మధ్యలో రెండూ తీసేయాలి. కాగితం మీద చుక్క ఎక్కడుందో చూడగానే చెయ్యి ఆ చోటికి వెళ్లాలి. పేరు ఆ తర్వాత గుర్తొచ్చినా ఏమీ కాదు. ఇంగ్లిష్‌లో 'గుడ్ బాయ్స్ డూ ఫైన్ ఆల్వేస్' లాంటి వాక్యాలు బట్టీ పట్టిస్తారు కదా, అవి థియరీ పరీక్షలో పేరు రాయడానికి పనికొస్తాయి. వాయించేటప్పుడు మాత్రం ప్రతిసారీ 'గుడ్' దగ్గర నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. తిరుపతిలో ఎవరినైనా అడ్రస్ అడుగు. రైల్వే స్టేషన్ దగ్గర నుంచి ఒక్కో సందూ లెక్కపెట్టుకుంటూ రమ్మని ఎవరూ చెప్పరు. లీలామహల్ సర్కిల్‌కి వచ్చి అక్కడ నుంచి రెండో సందు అంటారు. బేస్ క్లెఫ్‌లోనూ అలాంటి గుర్తులు కొన్ని ఉన్నాయి. వాటిని గట్టిగా పట్టుకుంటే చాలు.

మొదటి గుర్తు క్లెఫ్‌లోనే ఉంది. బేస్ క్లెఫ్‌కి ఎఫ్ క్లెఫ్ అని ఇంకో పేరు. పాతకాలం చేతిరాతలో ఎఫ్ అక్షరమే మారుతూ మారుతూ ఆ వంపు తిరిగిన రూపానికి వచ్చింది. దాని తల దగ్గరున్న లావు చుక్క పై నుంచి రెండో గీత మీద ఉంటుంది. పక్కన కనిపించే రెండు చుక్కలు అదే గీతకి పైన ఒకటి, కింద ఒకటి. ఆ గీతే ఎఫ్. కీబోర్డ్ నడుమ ఉండే మిడిల్ సి నుంచి ఎడమకి వెళ్తే వచ్చే మొదటి ఎఫ్ అది. ట్రెబుల్ క్లెఫ్ కూడా ఇలాంటిదే. అది జి అక్షరం నుంచి వచ్చింది, కింది నుంచి రెండో గీత చుట్టూ తిరుగుతుంది. మిడిల్ సి నుంచి పైకి ఐదో స్వరం ఆ జి, కిందికి ఐదో స్వరం ఈ ఎఫ్. అంటే మిడిల్ సి మధ్యలో నిలబడితే రెండు వైపులా ఒకే దూరంలో చెరో గుర్తు ఉంది. నువ్వు ఇప్పటిదాకా సగం పటమే చూశావు. మిగతా సగం దానికి అద్దంలో బొమ్మ.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. ట్రెబుల్ కింద చిన్న అదనపు గీత మీద కనిపించే సి, బేస్ పైన చిన్న అదనపు గీత మీద కనిపించే సి రెండూ ఒకటే కీ. ప్రింట్‌లో రెండు ఐదు గీతల మధ్య చాలా ఖాళీ వదులుతారు కాబట్టి అవి ఎక్కడో దూరంగా ఉన్న రెండు స్వరాల్లా అనిపిస్తాయి. ఆ ఖాళీ చదవడానికి వీలుగా ఉండాలని, పాటలో మాటలు పట్టాలని వదిలింది. ఏ చెయ్యి వాయించాలో, ఏ గొంతు పాడాలో దాన్నిబట్టి ఒకే సిని పైన రాస్తారు, లేదా కింద రాస్తారు. మీ హిమ్ బుక్‌లో టెనార్ గొంతు (మగ గొంతుల్లో పైది) పైకి వెళ్లినప్పుడు బేస్ క్లెఫ్ పైన మిడిల్ సి, దాని మీద డి, ఒక్కోసారి ఇ కూడా కనిపిస్తాయి. వాటిని చూసి టెన్షన్ పడొద్దు. కుడి చేత్తో నువ్వు రోజూ నొక్కే కీలే అవి.

ప్రాక్టీస్‌కి కూర్చునే ముందు కీబోర్డ్‌ని సరిచేసుకో. స్టైల్ ఆపేసి, ఏసీఎంపీ (ఆటో అకంపనిమెంట్) బటన్ ఆఫ్ చెయ్యి. అది ఆన్‌లో ఉంటే ఎడమవైపు కీలని కీబోర్డ్ కార్డ్ కోసం వాడుకుంటుంది, నువ్వు నొక్కిన స్వరం విడిగా మామూలుగా వినిపించదు. ట్రాన్స్‌పోజ్ సున్నాలో ఉండాలి. పాడేవాళ్ల శృతికి అనుకూలంగా ట్రాన్స్‌పోజ్ మార్చి వాయించే అలవాటు మన దగ్గర అందరికీ ఉంది, కానీ చదవడం నేర్చుకునే రోజుల్లో కంటికి కనిపించేది, చెవికి వినిపించేది ఒకటే కావాలి. ఆక్టేవ్ బటన్ కూడా సున్నా. పియానో టోన్ పెట్టుకో. 61 కీల కీబోర్డ్‌లో ఎడమ చివరి కీ సి, అక్కడ నుంచి మూడో సి మిడిల్ సి. మాన్యువల్‌లో దాన్ని సి3 అన్నా, పుస్తకంలో సి4 అన్నా కంగారు పడకు. కంపెనీని బట్టి ఆ అంకెలు మారతాయి. మూడో సి అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

ఇక గుర్తులు. నేను అందరికీ ముందు సి, ఎఫ్ ఈ రెండింటినే పట్టుకోమంటాను. దానికి కారణం ఉంది. కీబోర్డ్ మీద రెండు నల్ల కీల గుంపుకి ఎడమ పక్కనే సి, మూడు నల్ల కీల గుంపుకి ఎడమ పక్కనే ఎఫ్. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమినా దొరికే కీలు ఇవే. కాగితం మీద ఇవి ఎక్కడుంటాయో చూడు. మిడిల్ సి బేస్ గీతల పైన చిన్న గీత మీద. ఎఫ్ రెండు చుక్కల మధ్య గీత మీద. తర్వాతి సి కింది నుంచి రెండో సందులో (సందు అంటే రెండు గీతల మధ్య ఖాళీ). తర్వాతి ఎఫ్ అడుగు గీతకి కింద వేలాడుతూ. అన్నిటికంటే కింది సి, కింద రెండు చిన్న గీతలు గీసి రెండో దాని మీద. నీ 61 కీల కీబోర్డ్‌లో ఎడమ చివరి కీ అదే. మొత్తం ఐదు చోట్లు. ట్రెబుల్‌లో పై నుంచి రెండో సందు సి, పైన రెండు చిన్న గీతల మీద ఇంకో సి ఉంటాయని నీకు తెలుసు. బేస్‌లో అవే కింది నుంచి లెక్కకొస్తాయి. ఈ పోలిక ఒకసారి కాగితం మీద గీసి చూసుకో, ఎవరు చెప్పినా రాని ధైర్యం వస్తుంది.

మ్యూజిక్ మాన్యుస్క్రిప్ట్ బుక్ దొరికితే కొనుక్కో. చెన్నై వెళ్తే మౌంట్ రోడ్డులో 1842 నుంచీ ఉన్న మ్యూజీ మ్యూజికల్ లాంటి షాపుల్లో దొరుకుతాయి. లేకపోతే తెల్లకాగితం మీద స్కేల్‌తో ఐదేసి గీతలు గీసుకో. ఆ ఐదు గుర్తులనీ అటూ ఇటూ కలిపి ఒక పేజీ నిండా రాయి. పేర్లు రాయకు. ఇప్పుడు కళ్లు కాగితం మీదే ఉంచి, ఎడమ చేత్తో నల్ల కీలని తడుముతూ ఒక్కొక్కటే నొక్కు. తప్పు పడితే చెవికి తెలుస్తుంది, చేతివైపు చూడక్కర్లేదు. ఈ ఐదింటికీ చెయ్యి తడుముకోకుండా వెళ్లేదాకా మిగతా నోట్స్ జోలికి పోవద్దు. విసుగ్గా ఉంటుంది, అయినా ఇక్కడ తొందరపడితే మళ్లీ లెక్కలోకే జారతావు.

ఆ తర్వాత చేతిని మూడు చోట్ల పెట్టడం నేర్చుకో. మొదటిది, బొటనవేలు మిడిల్ సి మీద, చిటికెన వేలు చుక్కల ఎఫ్ మీద. మధ్యలో బి, ఎ, జి వేళ్ల కిందకే వస్తాయి. కాగితం మీద అవి వరసగా పై గీత మీద కూర్చున్నది, పై గీత, పై సందు. రెండోది, చిటికెన వేలు రెండో సందు సి మీద, బొటనవేలు పై సందు జి మీద. మూడోది, చిటికెన వేలు అడుగు గీత జి మీద, బొటనవేలు నడిమి గీత డి మీద. ఈ మూడింటితో ఐదు గీతలూ, నాలుగు సందులూ అయిపోయాయి. ఒక్కో చోట చెయ్యి పెట్టి కదపకుండా ఆ ఐదు స్వరాలతోనే చిన్న చిన్న వరసలు చదువు. వేలికీ చుక్కకీ ముడి పడేది ఇక్కడే.

నీకు దాటు స్వరాలు వచ్చన్నావు కదా, అవి ఇప్పుడు బంగారంలా ఉపయోగపడతాయి. ఎందుకంటే గుర్తు దొరికాక మిగతా చదువంతా దూరాలు చూడడమే. గీత నుంచి పక్క సందుకి వెళ్తే పక్క కీ. గీత నుంచి పక్క గీతకి వెళ్తే మధ్యలో ఒక తెల్ల కీ వదలాలి. సందు నుంచి ఒక సందు వదిలి పై సందుకి వెళ్తే ఐదో స్వరం, అంటే చిటికెన వేలి నుంచి బొటనవేలికి. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది స్వరాల దూరమైతే గీత మీద మొదలైంది సందులో తేలుతుంది, సందులో మొదలైంది గీత మీద తేలుతుంది. మూడు, ఐదు, ఏడు అయితే గీత నుంచి గీతకే, సందు నుంచి సందుకే. ఒక చూపులో సగం అనుమానం దీంతోనే తీరిపోతుంది.

దీన్ని చేతికి ఎక్కించడానికి 'స మ గ మ రి గ స రి' తీసుకో. సి ని షడ్జం అనుకుని శంకరాభరణంలో, అంటే తెల్ల కీల మీదే. చెయ్యి రెండో చోటులో ఉంటుంది. రెండో సందు, చుక్కల గీత (ఎఫ్ గీత), మూడో సందు, మళ్లీ చుక్కల గీత, నడిమి గీత, మూడో సందు, రెండో సందు, నడిమి గీత. నీ చేతులతో నువ్వే బేస్ క్లెఫ్‌లో రాసి, రాసింది చూస్తూ వాయించు. చెవికి ఏం రావాలో ముందే తెలుసు కాబట్టి తప్పు పడగానే పట్టుబడుతుంది. సరళీ వరస మొత్తం రాస్తే రెండో సందు సి నుంచి మిడిల్ సి దాకా ఒక స్థాయి పూర్తవుతుంది. అది బాగా వచ్చాక మామూలుగా నేర్పే మాయామాళవగౌళలోనే రాయి. నడిమి గీత డికి, పై గీత ఎకి ఫ్లాట్ (అర స్వరం దించే) గుర్తులు పెట్టాల్సి వస్తుంది. నల్ల కీలు చదవడం అలా మొదలవుతుంది. దాని తర్వాత ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లిష్ బ్యాండ్ బాణీలకి సంస్కృతంలో సాహిత్యం కట్టిన నొట్టుస్వరాలు ఏవైనా వచ్చుంటే, వాటికి ఎడమ చేతి బేస్ నువ్వే రాసుకోవచ్చు. అన్నీ శంకరాభరణం స్వరాలే. రాసేవాడికి చదవడం తొందరగా వస్తుంది, ఇది నేను ఎంతోమందిలో చూశాను.

ఒక్క జాగ్రత్త. సి అంటే ఎప్పటికీ స అని కాగితం మీద స్థిరం చేసుకోకు. నోట్స్ కింద స రి గ మ అని పెన్సిల్‌తో రాసుకోవడం అసలు వద్దు. మనకి శృతి మారితే షడ్జం జరుగుతుంది, స్టాఫ్ మీద గీతలు జరగవు. రేపు ఎఫ్ మేజర్‌లో హిమ్ వస్తే షడ్జం చుక్కల గీత మీదికి వచ్చేస్తుంది, నువ్వు రాసుకున్నదంతా తల్లకిందులవుతుంది. స్వరాల వరసని దూరాలు పట్టుకోవడానికే వాడు.

ఇప్పుడు నీ హిమ్ బుక్ దగ్గరికి వద్దాం. బేస్ క్లెఫ్‌లో రెండు గొంతులుంటాయి. కాడలు (నోట్ చుక్కకి అంటుకున్న నిలువు గీతలు) పైకి ఉన్నవి టెనార్, కిందికి ఉన్నవి బేస్. మొదట్లో టెనార్‌ని పూర్తిగా వదిలెయ్. కాడలు కిందికున్నవి మాత్రమే ఎడమ చేత్తో వాయిస్తూ, ట్యూన్ నోటితో పాడు. ట్యూన్ నీకు వచ్చిందే కాబట్టి బేస్ తప్పితే వెంటనే గొంతుకి అడ్డం పడుతుంది. చరణం చివర్లో బేస్ ఏం చేస్తుందో ప్రత్యేకంగా చూడు. సి మేజర్ పాటైతే చాలాసార్లు జి నుంచి సికి వచ్చి ఆగుతుంది. ఆ జి పై సందులో ఉంటే, ఒక సందు వదిలి కిందికి దిగి రెండో సందు సి మీద ఆగుతుంది. అడుగు గీత మీది జి అయితే రెండో సందుకి ఎక్కుతుంది. ఎఫ్ మేజర్ అయితే రెండో సందు సి నుంచి చుక్కల గీత ఎఫ్‌కి. పదిహేను ఇరవై పాటల చివర్లు ఇలా చూస్తే ఆ ఆకారాలు కంటికి పట్టేస్తాయి, ఆ తర్వాత వాటిని నోట్ నోట్‌గా చదవాల్సిన పని ఉండదు. ఇన్నాళ్లూ నువ్వు పట్టిన జి7 నుంచి సి కార్డే ఇది, నీ చేతికి కొత్త కాదు.

కీ సిగ్నేచర్ గుర్తులు, అంటే క్లెఫ్ పక్కనే పెట్టే షార్ప్ (అర స్వరం పెంచే), ఫ్లాట్ గుర్తులు, ట్రెబుల్‌లో ఉన్న గీతల మీద ఉండవు. ఎఫ్ మేజర్‌లో బి ఫ్లాట్ కింది నుంచి రెండో గీత మీద, జి మేజర్‌లో ఎఫ్ షార్ప్ చుక్కల గీత మీద ఉంటుంది. అవి అన్ని స్థాయిల బిలకీ, ఎఫ్‌లకీ వర్తిస్తాయి.

బేస్ ఒంటరిగా ఆగకుండా వచ్చాక టెనార్ కలుపు. రెండు నోట్స్ ఒకదానిపై ఒకటి ఉంటే ఎప్పుడూ కింది నుంచి చదువు. ముందు బేస్ నోట్ చూసి, పైది ఎంత దూరంలో ఉందో చూడు. రెంటికీ విడివిడిగా పేర్లు వెతక్కు. రెండింటి మధ్య ఎనిమిది స్వరాలు దాటి చెయ్యి అందకపోతే టెనార్‌ని కుడి చేత్తో వాయించేయొచ్చు. హిమ్స్ వాయించేవాళ్లంతా అలాగే చేస్తారు, తప్పేమీ కాదు.

స్టిక్కర్ల సంగతి. అంటించొద్దు. కీ మీద అక్షరం ఉంటే కన్ను కాగితం వదిలి దాని మీదికే పోతుంది, ఇక అక్కడే కూర్చుంటుంది. కావాలంటే కాగితం మీద ఆ ఐదు గుర్తు నోట్స్‌కి మాత్రం చిన్న పెన్సిల్ గీత పెట్టుకో, పాట వచ్చాక రబ్బర్‌తో చెరిపెయ్. ట్రెబుల్‌లాగా చదివి రెండు అక్షరాలు పైకి జరపడం కాగితం మీద లెక్కకి సరిపోతుంది. ట్రెబుల్ అడుగు గీత ఇ, బేస్ అడుగు గీత జి, అది నిజమే. కానీ రెండు చేతులూ కలిపి చదివేటప్పుడు ఒక చేతికి నేరుగా, ఇంకో చేతికి తర్జుమా చేసి చదవడం ఎవరివల్లా కాదు. పైగా ఆ లెక్క పేరు చెబుతుంది కానీ ఏ స్థాయో చెప్పదు. ఈ అలవాటు ఇంకా ముదరలేదు కాబట్టి ఇప్పుడే వదిలెయ్. నోట్స్ చూపించి పేరు అడిగే ఫోన్ యాప్స్ ప్రయాణంలో కాలక్షేపానికి పర్లేదు, కీబోర్డ్ ముందు కూర్చునే సమయాన్ని మాత్రం వాటికి ఇవ్వకు.

రోజుకి పదిహేను నిమిషాలు చాలు, కానీ ప్రతి రోజూ కొత్త పేజీ తియ్యి. నిన్న వాయించిన పాటే ఇవాళ వాయిస్తే వేళ్లు గుర్తుతో పోతాయి, కళ్లు పని చేయవు. ఈ ఒక్క కారణంతోనే చాలామంది నెలల తరబడి ప్రాక్టీస్ చేస్తూ కూడా చదవలేకపోతారు. మెట్రోనోమ్ 50 దగ్గర పెట్టు, ఇంకా కష్టంగా ఉంటే 40కి దించు. తప్పు నోట్ పడినా వెనక్కి వెళ్లి దిద్దకుండా లెక్కలో ముందుకే పో. ఆదివారం కాయిర్ నీకోసం ఆగదు కదా. రేపెప్పుడైనా పియానో గ్రేడ్ పరీక్షలకి వెళ్తే సైట్ రీడింగ్‌లో చూసేది కూడా ఇదే, ఆగకుండా వెళ్లడం.

61 కీలు సరిపోతాయా అన్నావు. నాలుగు గొంతుల పాటలకి హాయిగా సరిపోతాయి. బేస్ గొంతు మామూలుగా అడుగు గీత కింద మొదటి చిన్న గీత మీది ఇ దాటి దిగదు, నీ కీబోర్డ్‌లో దానికి ఎడమవైపు ఇంకా రెండు తెల్ల కీలు మిగులుతాయి. పెద్ద పియానో రచనలు మొదలుపెట్టినప్పుడు 88 కీల గురించి ఆలోచిద్దువు. వచ్చే వారం కాయిర్‌లో అన్ని పాటలకీ కొత్త పద్ధతి పెట్టుకోకుండా, బేస్ ఎక్కువ ఎగరని ఒక నెమ్మది పాట ఎంచుకుని దానికి మాత్రం కింది గీత వాయించు, మిగతావాటికి కార్డ్సే పట్టు. ఏ పాట ఎంచుకున్నావో, ఎక్కడ చెయ్యి ఆగిందో ఆ పేజీ ఫోటో పెట్టు, చూసి చెప్తాను.